జాగకే పైసలు, బంగ్లా ఫ్రీ

(పాత కట్టడాల మీద ఇష్టమున్న కొందరు ఒక ఆదివారం పొద్దున నల్లగొండలో కలిసినప్పుడు ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. మైకు పక్కన పెడుతున్నా, ముప్పై మందికి మైకెందుకు. వెనకవాళ్ళకు వినిపించకపోతే చెయ్యెత్తండి.

పాత కట్టడాల గురించి మాట్లాడమన్నారు. పానగల్లు గుళ్ళ గురించో, లతీఫ్ సాబ్ గుట్ట గురించో చెప్తానని మీరు వచ్చి ఉంటారు. వాటి సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. నాకు తెలిసింది బ్యాంకు. ముప్పై నాలుగేళ్ళు దాంట్లోనే గడిచాయి. అందుకని ఒక పాత బ్యాంకు బంగ్లా గురించి చెప్తా. అది మన జిల్లాలో లేదు, సముద్రం ఒడ్డున ఉంది. ప్రస్తుతం అమ్మకానికి ఉంది.

మొన్న డిసెంబరులో మిర్యాలగూడ నుంచి మా దోస్తు ఫోన్ చేశాడు. రైసు మిల్లు ఆయన, నాకన్నా రెండేళ్ళు చిన్న. "అన్నా, కోస్తాల ఒక జాగ చూసిన. సముద్రం కాడ. దాన్ల పాత బ్యాంకు బంగ్లా ఉన్నది. జాగకే పైసలు అడుగుతున్నరు, బంగ్లా ఫ్రీ అట. నువ్వు బ్యాంకోనివి గద, ఒకసారి వచ్చి చూస్తవా?" అన్నాడు. ఏ ఊరని అడిగాను. చెప్పాడు. నాకు కాసేపు మాట రాలేదు. 1983లో నేను ఆఫీసరుగా చేరి మొదటి సంతకం పెట్టింది ఆ బంగ్లాలోనే.

ఊరు పేరు మీకు చెప్పను. బేరం ఇంకా తెగలేదు. ఈ గదిలో రియల్ ఎస్టేట్ వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. (నవ్వులు)

అప్పటికి నేను సముద్రం చూసింది లేదు. నల్లగొండ పిల్లగాడిని, పెద్ద నీళ్ళంటే నాగార్జునసాగరే. పొద్దున బస్సు దిగి రిక్షాలో పోతుంటే వీధి చివర తెల్లటి స్తంభాలు కనపడ్డాయి. కోర్టేమో అనుకున్నా. రిక్షాతను "బ్యాంకేనండీ" అన్నాడు. లోపలికి పోతే తల పైకెత్తి చూడాల్సినంత ఎత్తు మిద్దె. దూలాలకు వరసగా ఇనుప కొక్కేలున్నాయి. కరెంటు ఫ్యాన్లు రాకముందు వాటికి గుడ్డ పంకాలు వేలాడేవట, వరండాలో ఒక మనిషి కూర్చుని తాడు లాగేవాడట. పైన ఏజెంటు దొర ఇల్లు. ఇంపీరియల్ బ్యాంకు రోజుల్లో, అంటే స్టేట్ బ్యాంకు కాకముందు, బ్రాంచి మేనేజరును ఏజెంటనే అనేవారు. కింద కచేరీ, పైన కాపురం. దొరసాని బ్యాంకులోంచి నడవకుండా వెనకవైపు వేరే మెట్లు కూడా కట్టారు.

మొదటిరోజే స్ట్రాంగ్ రూము చూపించారు. దాని తలుపుకు రెండు తాళాలు. ఒక చెవి మేనేజరు దగ్గర, ఇంకోటి హెడ్ క్యాషియర్ దగ్గర. ఇద్దరూ ఉంటేనే తెరుచుకుంటుంది. ఎవరైనా సెలవు పెడితే చెవి రిజిస్టరులో రాసి, సంతకం చేసి ఇంకొకరి చేతికివ్వాలి. డూప్లికేట్ జత అక్కడ ఉండదు, సీలు వేసి వేరే బ్రాంచిలో దాస్తారు. ఇవన్నీ ట్రెయినింగులో చెప్పినవే. చెప్పనిది ఒకటుంది. మా హెడ్ క్యాషియర్ పొద్దున రాగానే తన చెవిని కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క నూనె తాళం కంతలో వేసి, ఆ తర్వాతే తిప్పేవాడు. రోజూ. ఎందుకని అడిగితే, "ఉప్పు గాలండీ ఇది. మనిషినైనా వదులుద్దేమో గానీ ఇనుముని వదలదు" అన్నాడు.

నోట్ల కట్టలకు అప్పట్లో ఇనుప పిన్ను కొట్టేవాళ్ళం. మన దగ్గరైతే ఆ పిన్ను ఏళ్ళకేళ్ళు మెరుస్తూనే ఉంటుంది. అక్కడ ఒక్క వానాకాలం దాటితే ఎర్రబడేది. కట్ట విప్పితే నోటు మీద జామకాయ గింజంత మచ్చ, మచ్చ దగ్గర కాగితం పొడిపొడి. 2001లో రిజర్వ్ బ్యాంకు పిన్నులు మానేసి కాగితం పట్టీలు కట్టమన్నప్పుడు చాలామంది క్యాషియర్లు, కట్టలో నోట్లు ఎవరైనా లాగేస్తే ఎట్లా అని టెన్షన్ పడ్డారు. నాకు మాత్రం ఆ ఎర్ర మచ్చలే గుర్తొచ్చాయి. ఈ తుప్పు సంగతి మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు మీరు అడగొచ్చు, అంతంత బంగ్లాలు కట్టిన బ్యాంకులు సముద్రం ఒడ్డునే ఎందుకు కట్టాయి, మన నల్లగొండలో, పాలమూరులో ఎందుకు కట్టలేదు అని.

రేవులో సరుకు ఓడెక్కిన రోజుకూ, డబ్బు చేతికొచ్చిన రోజుకూ నడుమ నెలలు గడిచేవి. పత్తి పంపిన వర్తకుడు అన్ని రోజులు చేతులు ముడుచుకు కూర్చుంటే మళ్ళీ సరుకు కొనేదెట్లా? ఓడలో సరుకు ఎక్కించినట్టు కాగితం తెస్తే, దాని మీద కొంత తరుగు పట్టుకుని ముందే డబ్బిచ్చేవాడు కావాలి. బ్యాంకు అక్కడ పుట్టింది. 1843లో మొదలైన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కాకినాడ లాంటి రేవుల్లో శాఖలు పెట్టింది అందుకే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు ఆగిపోతే, మన దేశపు పత్తికి రేటొచ్చింది, కాకినాడ రేవు దశ తిరిగింది. తర్వాత 1921లో బెంగాలు, బొంబాయి, మద్రాసు బ్యాంకులు మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయ్యాయి. అది 1955 జులై 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయింది.

మచిలీపట్నం కథ వేరు. మన చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65 నంబరు హైవే చివరికి పోయి ఆగేది మచిలీపట్నంలోనే. విజయవాడ దాకా పోయి వెనక్కి వచ్చేస్తాం కాబట్టి మనకది తట్టదు. గోల్కొండ సుల్తానులకు సముద్రం అంటే మచిలీపట్నమే. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1611లో అక్కడ కోఠీ పెట్టారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ముప్పై వేల మంది దాకా పోయారు. ఆ దెబ్బకు ఊరు మళ్ళీ పాత ఊరు కాలేదు. అయినా 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు లక్ష రూపాయల పెట్టుబడితో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఆ ఊళ్ళోనే. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నూరేళ్ళకు మూడున్నరేళ్ళకు పైగా తక్కువ.

మన దగ్గర అప్పుడేముంది? సావుకారు ఉన్నాడు, దొర గడి ఉంది, జిల్లా కచేరీలో సర్కారు ఖజానా ఉంది. పైసలు కావాలంటే సావుకారు చెక్కపెట్టెలో కాగితం రాసిచ్చి తెచ్చుకోవాలె. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు చట్టం వచ్చింది 1941లో, గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచింది 1942లో. అప్పటికి మద్రాసు బ్యాంకుకు తొంభై తొమ్మిదేళ్ళు. మన రూపాయి కూడా వేరు. మా నాయన నిజాం హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్ళ కల్దార్ అని రెండు లెక్కలు చెప్పేవాడు. మన హాలీ రూపాయలు ఏడు ఇస్తే వాళ్ళ కల్దార్ ఆరు. కోదాడ దాటి బెజవాడకు ఎడ్ల బేరానికి పోయినోళ్ళకు ఈ ఏడూ ఆరూ నోటికి వచ్చేది. సాయుధ పోరాటం నాడు ఊళ్ళల్లో జనం గడుల మీద పడి ముందుగా తగలబెట్టింది ఏంది? అప్పు పత్రాలు. మన ప్రాంతంలో 'బ్యాంకు బిల్డింగు' అంటే అప్పటికి ఆ చెక్కపెట్టే.

ఆ ఒడ్డున మాత్రం స్తంభాలు లేచాయి. ఎందుకంత ఆర్భాటం? ఇప్పుడు మన డిపాజిట్‌కు 5 లక్షల దాకా ఇన్సూరెన్సు ఉంది. ఆ ఏర్పాటు 1962కు ముందు లేదు. 1960లో కేరళలో పలై సెంట్రల్ బ్యాంకు మునిగాక గానీ సర్కారు కదల్లేదు. అంతకుముందు 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ అనే బ్యాంకు దివాలా తీస్తే ఎందరో కొంపలు మునిగాయి. అట్లాంటి రోజుల్లో మామూలు మనిషి బ్యాంకును దేన్ని చూసి నమ్మాలి? బ్యాలెన్స్ షీటు చదవలేడు. గోడ చూస్తాడు. రాత్రికి రాత్రి మూట కట్టుకుని పారిపోయేవాడు ఇంత గోడ కట్టడు గదా అనుకుంటాడు. ఆ స్తంభాలు ఆనాటి డిపాజిట్ ఇన్సూరెన్సు అన్నమాట. అర్బత్‌నాట్ వాళ్ళకూ పెద్ద పేరు, పెద్ద ఆఫీసు ఉండేవి, అది వేరే సంగతి.

సరే, డిసెంబరుకు వస్తా.

మా దోస్తు, నేను, మిర్యాలగూడ నుంచి అతని మేస్త్రీ ఒకతను, ముగ్గురం కారులో పోయాం. మేస్త్రీని తీసుకుపోవడం నా పట్టుదలే. పాత కట్టడం చూడ్డానికి పోయేటప్పుడు ఇంజినీరు కన్నా ముందు సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని తీసుకుపోవాలి. మాకు దొరికినతను మరీ ముసలివాడు కాదు గానీ వాళ్ళ నాయన గానుగ సున్నం పని చేసినవాడు.

అక్కడ బ్రోకరు ఎదురొచ్చాడు. మర్యాదస్తుడు. "సార్, స్థలానికే రేటండి. బిల్డింగు లెక్కలోకే తీసుకోలేదండి. పడగొట్టుకుని అపార్ట్‌మెంటు లేపుకోవచ్చు, పైఅంతస్తు నుంచి సముద్రం కనపడుద్ది" అన్నాడు. మా దోస్తు కళ్ళు మెరిశాయి. నాకు మాత్రం ఆ 'లెక్కలోకే తీసుకోలేదు' అన్నమాట దగ్గర కాలు ఆగిపోయింది. ఇవాళ నేను చెప్పదలచుకున్న ముచ్చట ఇదొక్కటే. అట్లాంటి బంగ్లాను సున్నా కింద లెక్కగట్టడం తప్పు లెక్క. అది ఇష్టంతో అంటున్న మాట అనుకోకండి, లోన్లు ఇచ్చిన చేత్తో అంటున్నా.

గోడ ముందు చూద్దాం. ముందు గోడ మూర కన్నా మందం. ఇటుక, సున్నం. ఆ తీరాన సున్నం గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి తీసేవారు. సున్నాన్ని వారాల తరబడి నానబెట్టి, గానుగలో ఇసకతో కలిపి నూరి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి గచ్చు చేసేవారు. అట్లాంటి గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకు మళ్ళీ వదిలేస్తుంది. ఊపిరి పీల్చినట్టే. సముద్రం గాలిలో ఉండే తడి, ఉప్పు రెండూ అట్లా వస్తూ పోతూ ఉంటాయి. ముందువైపు, పాత గిలాబు (గోడ పూత) ఉన్నచోట, నూరేళ్ళు దాటినా గోరుతో గీస్తే గీత పడలేదు.

పక్కకు పోయి చూస్తే ఎవరో ఈ మధ్య సిమెంటు గిలాబు చేయించి, పైన ఎనామిల్ పెయింటు కొట్టించారు. అక్కడ గోడ పొక్కులు పొక్కులుగా లేచింది. మా మేస్త్రీ వేలితో తడితే డబడబమని బోలు చప్పుడు. ఒక పెచ్చు ఊడదీశాడు. వెనక ఇటుక పిండిపిండిగా రాలింది, మీద తెల్లగా ఉప్పు. నాలుక మీద పెట్టుకుని చూసి, "సార్, అచ్చం ఉప్పే" అన్నాడు. లోపలికి పోయిన తడి సిమెంటు అడ్డం ఉండేసరికి బయటకు రాలేక, ఎండినప్పుడల్లా ఉప్పును ఇటుకలోనే గడ్డకట్టిస్తుంది. ఆ ఉప్పు ఇటుకను లోపలి నుంచి పగలగొడుతుంది. బాగు చేద్దామని పెట్టిన ఖర్చే గోడను తినేసింది. మట్టపల్లి, మేళ్ళచెరువు, వాడపల్లి దిక్కు అన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్న పాత ఉమ్మడి జిల్లాలో నిలబడి సిమెంటు వద్దంటున్నా, ఎవరూ తప్పుగా అనుకోకండి. (నవ్వులు) కొత్త ఇంటికి వాడుకోండి. పాత సున్నం గోడకు మాత్రం సున్నమే పెట్టాలి.

మిద్దె రెండు రకాలుగా ఉంది. ముందు హాలుకు బర్మా టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు. దాన్ని మద్రాసు టెర్రస్ అంటారు. అది గుండ్రాయిలా ఉంది. ఒక్క దూలం కొస, గోడలోకి దూరిన చోట, మెత్తబడింది. వెనక వంటింటి వైపు మాత్రం తర్వాతెప్పుడో ఇనుప గర్డర్లు వేసి నడుమ నడుమ ఇటుక కమాన్లు కట్టారు. అక్కడుంది అసలు జబ్బు. ఇనుము తుప్పు పడితే ఊరికే అరిగిపోదు, ఉబ్బుతుంది. మొదటి ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు కావాలంటుంది. గర్డరు పొడవునా పగులు. తలెత్తి చూస్తే పొరలు పొరలుగా, అప్పడాలు పేర్చినట్టు తుప్పు. మా హెడ్ క్యాషియర్ కొబ్బరినూనె అంత పెద్ద ఇనుముకు ఎవరు రాస్తారు?

ఒప్పుకోవాల్సిన మాట ఒకటి. ఆ వెనక గోడలు చూశాక ఇంపీరియల్ దొరల మీద నాకు గౌరవం కొంచెం తగ్గింది. వీధికి కనపడే గోడ మూర మందం, కనపడని వంటింటి గోడ జానెడు. నమ్మకం అంతా ముందువైపే పెట్టారు.

స్ట్రాంగ్ రూము దగ్గరికి పోయేసరికి సాయంత్రం అయింది. తలుపు బార్లా తెరిచే ఉంది. బ్యాంకు 1990ల్లోనే కొత్త బజారుకు మారిపోయి, ఈ బంగ్లాను ఒక వర్తకుల కుటుంబానికి అమ్మేసింది. వాళ్ళు కొన్నాళ్ళు గోడౌనుగా వాడారు, తర్వాత వదిలేశారు. లోపల చిరిగిన గోనె సంచులు, ఒక మూల పావురాల రెట్ట. తలుపును ఎవరో పాత ఇనుము కింద అమ్ముకుందామని చూసినట్టున్నారు, పైన రెండు చోట్ల ఉలి గాట్లు. రాలేదు. ఎట్లా వస్తుంది? చౌకట్టు ముందు నిలబెట్టి, దాని చుట్టూ గోడ కట్టారు. తలుపు తీయాలంటే గది పడగొట్టాలి. చెయ్యి పెట్టి నెట్టాను. కదిలింది. అంత బరువు తలుపు, అన్నేళ్ళ ఉప్పు గాలిలో, ఒక్క చెయ్యితో కదిలింది. కీలు దగ్గర వేలు పెట్టి చూస్తే నల్లటి జిడ్డు ఇంకా తగిలింది. నేను మాట్లాడకుండా నిలబడితే మా దోస్తు, "ఏందన్నా, పైసలు గిట్ల మర్చిపోయినవా లోపట?" అన్నాడు.

ఇక కాగితాలు. బంగ్లా మీద ప్రేమ ఉంటే చాలదు, కాగితం సరిగా ఉండాలి. బ్యాంకోడిని కాబట్టి ఇక్కడ కొంచెం సాగదీస్తా, ఓపిక పట్టండి.

చాలామంది 'బ్యాంకు బిల్డింగు' అనగానే బ్యాంకు వేలం అనుకుంటారు. అప్పు కట్టనివాడి ఆస్తిని 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు వేలం వేస్తుంది, అది వేరు. ఇక్కడ బ్యాంకు తన సొంత బంగ్లాను ఎప్పుడో అమ్మేసింది, ఇప్పుడమ్మేది ఆ కుటుంబం. ఆనాడు బ్యాంకు తరఫున సంతకం పెట్టినవాడికి ఆ అధికారం ఉన్నట్టు పవర్ ఆఫ్ అటార్నీ కాగితం ఉందా? ఇంపీరియల్ పేరు మీదున్న ఆస్తి స్టేట్ బ్యాంకు పేరు మీదికి 1955 చట్టంతోనే వచ్చింది కాబట్టి నడుమ వేరే రిజిస్ట్రీ కనపడదు. కనపడకపోతే భయపడనక్కర్లేదు, కానీ అది తెలిసిన వకీలు కావాలి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రీల జాబితా, ఆన్‌లైన్లో తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు తిప్పించాలి. కొన్న పెద్దాయన పోయాడు. నలుగురు వారసులు. ముగ్గురు సంతకానికి సిద్ధం, నాలుగో ఆవిడ అమెరికాలో ఉంది. ఆవిడ కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ పంపాలి. బ్రోకరు "పంపుతారండి, ఏముందండి" అన్నాడు. పంపాక అడ్వాన్సు ఇస్తామన్నాను. అతను నా వైపు మళ్ళీ చూడలేదు.

ఇంకోటి, అన్నిటికన్నా పెద్దది. సముద్రం పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉంటాయి. 1991లో మొదలుపెట్టారు, 2011లో, 2019లో మార్చారు. మన దగ్గర చెరువు నిండితే నీళ్ళు చేరే గీత, ఎఫ్‌టీఎల్, ఎట్లనో, అక్కడ ఇది అట్లా. ఇప్పుడున్న కట్టడం ఉన్నట్టు ఉంటుంది. పడగొట్టాక మళ్ళీ ఎంత లేపుకోవచ్చో, ఏ పనికి లేపుకోవచ్చో పర్మిషన్ ఇచ్చేవాళ్ళ చేతిలో పని. బంగ్లా గేటు నుంచి ఇసక దాకా నేనే నడిచి చూశాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అంటే బ్రోకరు ఫ్రీగా ఇస్తున్న బంగ్లానే ఆ జాగకు బలం. దాన్ని కూల్చిన రోజు ఖాళీ జాగ మిగులుతుంది, దాని మీద దరఖాస్తు మిగులుతుంది.

ఇది విన్నాక మా దోస్తు చాలాసేపు మాట్లాడలేదు. వచ్చేటప్పుడు సూర్యాపేటలో చాయ్ తాగుతూ, "మరి కూలగొట్టకుంటే ఏం జేస్తమన్నా దాన్ని?" అన్నాడు. మంచి ప్రశ్నే. పాత కట్టడాలను కాపాడాలి అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళం ఈ ప్రశ్న దగ్గర నీళ్ళు నములుతాం. వాడకం లేని బంగ్లా ఎవరు కాపాడినా నిలవదు. మన పాలమూరు వైపే చూడండి. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. పిల్లలు మెట్లెక్కి దిగుతుంటే ఆ గోడల గురించి ఎవరో ఒకరికి పట్టింపు ఉంటుంది. ఏ పనికీ పెట్టని గడులు మన జిల్లాలో ఎన్ని మొండిగోడలుగా మిగిలాయో మీకు తెలుసు. బ్రిటన్‌లో 2015 నుంచి ఆరు వేలకు పైగా బ్యాంకు శాఖలు మూసేశారు. అక్కడి సముద్రపు ఊళ్ళల్లో అట్లాంటి బంగ్లాలు కాఫీ హోటళ్ళు, మందు దుకాణాలు అయ్యాయి. స్ట్రాంగ్ రూములో వైన్ సీసాలు పెడతారట. మన దోస్తుకు ఆ ఐడియా బాగా నచ్చింది. (నవ్వులు) పైన నాలుగు గదులు లాడ్జిగా, కింద హాలు చేపల పులుసు దొరికే హోటల్‌గా, వెనక గర్డర్ల వంటిల్లు మాత్రం విప్పేసి మళ్ళీ కట్టడం అని ఒక లెక్క రాసిచ్చాను. వెనక భాగం విప్పడానికి నేనేమీ బాధపడను. దాంట్లో కాపాడేంత గొప్ప ఏమీ లేదు.

ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.

(సభలో ఒకావిడ: మాది సముద్రం కాదు సార్, దేవరకొండ. మా ఇంటి కింద పోర్షన్ బ్యాంకుకు కిరాయికి ఉండేది. విలీనం అయినంక అదే వీధిలో రెండు బ్రాంచీలెందుకని మాది ఖాళీ చేశారు. స్ట్రాంగ్ రూము అట్లనే ఉంది. ఎవరూ కిరాయికి రావట్లేదు. పగలగొట్టాల్నా, ఉంచాల్నా?)

ఇది మన ముచ్చట. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది, 2020లో ఇంకొన్ని కలిశాయి. మీలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. మాకు కిరాయికిచ్చేవాళ్ళ చేత, వాళ్ళ ఖర్చుతోనే కాంక్రీటు గోడలు, కాంక్రీటు కప్పు పోయించుకుని స్ట్రాంగ్ రూము కట్టించేవాళ్ళం. మా కొలతలు మాకుండేవి. ఇల్లు మీది, కొలత మాది. వెళ్ళిపోయేటప్పుడు ఆ గది మీకు వదిలేసి పోయాం. తలుపు తీసుకుపోయారా?

(లేదు సార్. తాళంతో సహా ఉంది.)

పగలగొట్టకండి. ఆ గది పై గోడల బరువు మోస్తుందో లేదో ఇంజినీరు చూడకుండా గడ్డపార పెడితే పై ఇల్లు పగులుతుంది. పైగా ఆ ఇనుము కోసి బయటికి తీసే కూలీకి, ఇనుము అమ్మితే వచ్చేది సరిపోదు. బంగారం మీద అప్పులిచ్చే కంపెనీలకు అట్లాంటి గది వెతుక్కునే అవసరం ఉంటుంది, వాళ్ళను అడిగి చూడండి. నాకు తెలిసిన ఒకాయన ట్యూషన్ సెంటరుకు ఇచ్చాడు. లోపల ఫోన్ సిగ్నల్ రాదు, మాస్టారు సంతోషంగా ఉన్నాడు.

అవన్నీ తర్వాత. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

(మనవళ్ళు ఇద్దరు. సెలవులకు వస్తారు.)

అయితే ఇవాళ ఇంటికి పోగానే మొదట ఆ తలుపు తాళం ఊడదీయించండి. దాగుడుమూతలాడుతూ పిల్లలు లోపలికి పోయి తలుపు వేసుకుంటే అరిచినా బయటికి వినపడదు. దేవరకొండలో తాళాలు చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేకపోతే నేను నల్లగొండ నుంచి మనిషిని పంపిస్తా, నంబరు ఈ కాగితం మీద రాసి ఇవ్వండి.